మంద ఒకటి, పలుపులు వేరు

నరసరావుపేటలో ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు ఒకటి ఊహించుకోండి. మిరపతోటలు పూత మీదున్న రోజులు. కొట్టాయన ఫోను ఊరుకోదు. రొంపిచర్ల నుంచి ఓ రైతు మిరపాకు ఫోటో పంపుతాడు. "ఆకు ముడుచుకుపోతోంది, పూతలో నల్లతామర కనపడుతోంది, ఏం కొట్టమంటావన్నా?" అని అడుగుతాడు. అది వాట్సాప్‌లో వస్తుంది. కంపెనీ మనిషి కొత్త రేట్లు పంపుతాడు. అదీ వాట్సాపే, కాకపోతే రెండో సిమ్ము మీద. డీలర్లు పెట్టుకున్న గ్రూపేమో టెలిగ్రామ్‌లో ఉంటుంది. హైదరాబాదులో చదువుకునే కొడుకు ఇన్‌స్టాగ్రామ్‌లో తప్ప దొరకడు. టింగుమంటే ఒక యాప్ తెరవాలి. మళ్ళీ టింగుమంటే ఇంకొకటి తెరవాలి. ఈ తిరుగుడులో రైతు ఫోటో ఎక్కడో కిందికి జారిపోతుంది. జవాబు పోయేసరికి పొద్దుగుంకుతుంది.

ఈ అవస్థ కొట్టు నడిపేవాళ్ళకే కాదు. గురజాలలో ఒక తల్లిని చూడండి. కూతురు అమెరికాలో ఉంది. వాట్సాప్‌లో రోజూ కనపడుతుంది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. అక్కడ వాట్సాప్ మెసేజి వస్తుంది గానీ కాల్ కలవదు. ఆ దేశం పెట్టుకున్న నిబంధన అది. అందుకని కాల్ కోసం బోటిమ్ అని ఇంకో యాప్ వేసి వెళ్ళాడు. ఏ గుర్తు నొక్కితే ఎవరు పలుకుతారో ఆమె గుర్తుపెట్టుకోవాలి. మాచర్ల దగ్గర దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళున్నారు కదా. వాళ్ళకి ఒక గుడి కమిటీ కొలతలు వాట్సాప్‌లో పంపుతుంది. ఇంకో కమిటీ ఫేస్‌బుక్ మెసెంజర్‌లో పంపుతుంది. ఏ కొలత ఏ విగ్రహానిదో వెతుక్కోవాలి. రాయి మీద ఉలి పడ్డాక పొరపాటు దిద్దుకునే వీలుండదు.

మరి ఇన్ని అకౌంట్లనీ ఒకే చోట చూసుకునే ప్రోగ్రాము ఉందా? ఉంది. నిన్నా మొన్నా వచ్చింది కూడా కాదు, పాతికేళ్ళు దాటింది. అది ఏం చేస్తుంది? ఏం చెయ్యదు? పల్నాడులో మనం దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చు? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం.

మన ఊళ్ళల్లో పసులకాపరి ఉండేవాడు. పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. పొద్దున్నే ఇంటింటా గేదెల్ని విప్పి వీధిలోకి తోలేవాళ్ళు. కాపరి వాటన్నిటినీ ఊరి చివర కలేసుకుని బీడుకి తోలుకుపోయేవాడు. పగలంతా వాటిని చూసేది ఒక్క మనిషి. సాయంత్రం మంద ఊళ్ళోకి రాగానే ఏ గేదె ఆ సందు తిరిగి దాని కొట్టంలోకి అది పోయేది. పాలు ఎవరివి వాళ్ళవే. పలుపు ఎవరిది వాళ్ళదే. మందలో కలిసినంత మాత్రాన ఒకరి గేదె ఇంకొకరిది అయిపోదు.

మనం చెప్పుకునే ప్రోగ్రామూ ఆ కాపరి లాంటిదే. మీ అకౌంట్లన్నీ దానికి అప్పజెబుతారు. అది వాటన్నిటి మీదా ఓ కన్నేసి ఉంచుతుంది. ఎక్కడ ఏ మెసేజి వచ్చినా ఒకే కిటికీలో, ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. మీరు అక్కడే జవాబు రాస్తారు. ఆ జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోతుంది. టెలిగ్రామ్‌లో అడిగినవాడికి టెలిగ్రామ్‌లోనే పోతుంది. వాట్సాప్‌లో అడిగినవాడికి వాట్సాప్‌లోనే పోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "అయితే నా వాట్సాప్ నుంచి టెలిగ్రామ్ మాత్రమే ఉన్నవాడికి మెసేజి పెట్టొచ్చా?" అని అడుగుతారు. పెట్టలేరు. అతనితో మాట్లాడాలంటే మీకూ టెలిగ్రామ్ అకౌంటు ఉండి తీరాలి. మళ్ళీ చెబుతున్నాను వినండి. అకౌంట్లు కలవవు. చూసే చోటు ఒకటవుతుంది, అంతే.

మీకో అనుమానం రావాలి. మన సిమ్ము ఎయిర్‌టెల్, వియ్యంకుడిది బీఎస్ఎన్ఎల్. అయినా ఫోను కలుస్తుంది, ఎస్సెమ్మెస్ పోతుంది. ఈమెయిలూ అంతే, ఏ కంపెనీ అకౌంటు నుంచి ఏ కంపెనీ అకౌంటుకైనా పోతుంది. మరి ఈ చాటింగులే ఎందుకు కలవవు? చేతకాక మాత్రం కాదు. కంపెనీలు కలవనివ్వలేదు. ఆ కథ కాస్త చెప్పాలి.

1996లో ఇజ్రాయెల్ కుర్రాళ్ళు ఐసీక్యూ అనే చాటింగ్ ప్రోగ్రాము తెచ్చారు. మరుసటేడు అమెరికాలో ఏఓఎల్ కంపెనీ తనది తెచ్చింది. 1998లో యాహూ వచ్చింది. నెట్ సెంటర్ల రోజుల్లో మన తెలుగు కుర్రకారుకి బాగా అలవాటైంది యాహూ మెసెంజరే. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, గంట లెక్కన డబ్బు కట్టి, అమెరికాలో ఉన్న అన్నతోనో బావతోనో మాట్లాడినవాళ్ళు ఈ కార్యక్రమం వింటున్నవాళ్ళలోనూ ఉండే ఉంటారు.

1999 జులైలో మైక్రోసాఫ్ట్ ఎమ్మెస్సెన్ మెసెంజర్ వచ్చింది. వస్తూనే అది ఒక పని చేసింది. ఏఓఎల్ వాడేవాళ్ళతో ఎమ్మెస్సెన్ నుంచే మాట్లాడుకునే ఏర్పాటు పెట్టింది. ఏఓఎల్‌కి కోపం వచ్చింది. దారి మూసేసింది. మైక్రోసాఫ్ట్ ఇంకో దారి కనిపెట్టింది. ఏఓఎల్ అదీ మూసింది. వాళ్ళు మూయడం, వీళ్ళు తెరవడం, మళ్ళీ వాళ్ళు మూయడం. కొన్ని నెలలు ఇదే తంతు. చివరికి మైక్రోసాఫ్ట్ విరమించుకుంది. పట్టుమని పది మాటలు అటూ ఇటూ పోవడానికి అంత పెద్ద కంపెనీలు పేచీ పడ్డాయంటే నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి. మనుషులు ఎక్కడ మాట్లాడుకుంటారో వ్యాపారం అక్కడే ఉంటుంది. మీ స్నేహితులంతా ఒక దొడ్లో ఉన్నారంటే మీరు ఆ దొడ్డి విడిచి పోలేరు. కంపెనీకి కావలసింది అదే.

పెద్దవాళ్ళు పేచీ పడుతుంటే చిన్నవాళ్ళు పని కానిచ్చారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఆబర్న్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుకుంటున్న మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు 1998లో గెయిమ్ అనే ప్రోగ్రాము రాశాడు. మొదట అది ఏఓఎల్ చాటింగుని లినక్స్ కంప్యూటర్ల మీద వాడుకోవడానికి రాసింది. తర్వాత ఎంతోమంది చెయ్యి వేశారు. యాహూ చేరింది, ఎమ్మెస్సెన్ చేరింది, ఐసీక్యూ చేరింది. పైసా ఖర్చు లేదు. లోపల ఏం రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. పేరు విషయంలో ఏఓఎల్‌తో తగువు రావడంతో 2007లో దాన్ని పిడ్జిన్ అని మార్చారు. పిడ్జిన్ మెనూలకి తెలుగు అనువాదం కూడా ఉంది. దాదాపు అదే కాలంలో, 2000 సంవత్సరంలో, విండోస్ కంప్యూటర్ల కోసం ట్రిలియన్ అని ఇంకొకటి వచ్చింది. దాన్నీ ఏఓఎల్ అడ్డుకుంది. వాళ్ళూ దారి వెతుక్కుంటూ నడిచారు.

ఇంకో రకం ప్రయత్నం కూడా జరిగింది. 1999లో జెరెమీ మిల్లర్ అనే అమెరికన్ జాబర్ అని ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఈమెయిలు లాగే చాటింగూ ఎవరి నుంచి ఎవరికైనా పోవాలన్నది దాని ఉద్దేశం. 2005లో వచ్చిన గూగుల్ టాక్ ఆ పద్ధతినే తీసుకుంది. కొన్నేళ్ళు ఆ తలుపు తెరిచే ఉంచింది. 2013లో గూగుల్ హ్యాంగౌట్స్ అనే కొత్త చాటింగు తెచ్చి, దాంతో పాటు తలుపులు మూసుకోవడం మొదలుపెట్టింది. నన్నడిగితే చాటింగు చరిత్రలో అతి పెద్ద నష్టం అదే. యాహూ మూతపడటం కన్నా పెద్దది.

మరి ఆ పాత చాటింగులన్నీ ఏమయ్యాయి? ఏఓఎల్ చాటింగు 2017 డిసెంబరులో ఆగిపోయింది. యాహూ మెసెంజర్ 2018 జులైలో ఆగిపోయింది. ఐసీక్యూ 2024 జూన్‌లో, వాటి తర్వాత వచ్చిన స్కైప్ 2025 మే నెలలో మూతపడ్డాయి. పిడ్జిన్ మాత్రం ఇప్పటికీ ఉంది. గేదెలు పోయాయి, కాపరి మిగిలాడు.

ఇంతలో ఫోన్ల కాలం వచ్చింది. వాట్సాప్ 2009లో పుట్టింది. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంది. యాహూకీ వాట్సాప్‌కీ ఒక పెద్ద తేడా ఉంది, గమనించండి. యాహూలో మీకొక పేరు, ఒక పాస్‌వర్డు ఉండేవి. వాటిని ఏ ప్రోగ్రాములో కొట్టినా తలుపు తెరుచుకునేది. వాట్సాప్‌లో మీ పేరు మీ ఫోను నంబరే. అకౌంటు సిమ్ముతో ముడిపడి మీ ఫోన్లో కూర్చుంటుంది. కంప్యూటరు మీద చూడాలన్నా ఫోను అనుమతి ఇవ్వాలి. అందుకని పిడ్జిన్ లాంటి పాత కాపరులకి వాట్సాప్ సులువుగా లొంగలేదు. పైగా తన సొంత యాప్ కాక వేరే యాప్‌తో వాడితే వాట్సాప్ అకౌంటు నిలిపేయొచ్చు. అది వాళ్ళ షరతుల్లోనే ఉంది.

ఈ పేచీ ఇవ్వాళ్టికీ తెగలేదు. బీపర్ అని ఒక ప్రోగ్రాము ఉంది. వాట్సాప్, టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్, మెసెంజర్, సిగ్నల్, ఇలా ఎన్నో అకౌంట్లని ఒకచోట చూపిస్తుంది. 2023 డిసెంబరులో ఆ కంపెనీ ఇంకో అడుగు వేసింది. ఆపిల్ పరికరాలకే పరిమితమైన ఐమెసేజ్‌ని ఆండ్రాయిడ్ ఫోన్లకి తెచ్చింది. నాలుగు రోజులు తిరగకుండానే ఆపిల్ దాన్ని ఆపేసింది. 1999లో ఏఓఎల్ చేసిందే ఆపిల్ ఇప్పుడు చేసింది. యూరప్‌లో మాత్రం ప్రభుత్వాలు కలగజేసుకున్నాయి. అక్కడ పెద్ద కంపెనీలు తమ చాటింగులో ఇతర కంపెనీల వాళ్ళకీ చోటివ్వాలని చట్టం చేశారు. 2024 మార్చి నుంచి ఆ బాధ్యత అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వాట్సాప్ 2025 చివర యూరప్‌లో రెండు చిన్న యాప్‌లకి దారి ఇస్తున్నట్టు ప్రకటించింది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. కాబట్టి మన దగ్గర అకౌంట్లు కలవవు. చూసే చోటు ఒకటి చేసుకోవడం వరకే మన చేతిలో ఉంది.

సరే, చరిత్ర చాలు. రేపు పొద్దున మనం ఏం చెయ్యొచ్చో చూద్దాం.

మొదట నరసరావుపేట కొట్టాయన దగ్గరికే వెళదాం. ఆయనకి రెండు సిమ్ములున్నాయి. రెండు వాట్సాప్‌లు కావాలి. దానికోసం బయటి యాప్ ఏదీ అక్కర్లేదు. 2023 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో అసలు వాట్సాప్ లోపలే రెండు అకౌంట్లు పెట్టుకునే వీలు ఇచ్చారు. సెట్టింగుల్లోకి వెళ్ళండి. మీ పేరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే అకౌంటు చేర్చమంటారా అని అడుగుతుంది. రెండో నంబరు ఇవ్వండి. ఆ నంబరుకి కోడు వస్తుంది. అంతే. అదొక పద్ధతి. ఇంకో పద్ధతి ఉంది, కొట్టుకి అదే మేలని నా ఉద్దేశం. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ అనే యాప్ వేసుకుని, కొట్టు నంబరు దాంట్లో పెట్టుకోవాలి. ఇంటి నంబరు మామూలు వాట్సాప్‌లో ఉంచుకోవాలి. బిజినెస్‌లో కొట్టు మూసిన వేళ దానంతటదే జవాబు ఇచ్చే సదుపాయం ఉంది. రైతులు పదేపదే అడిగే ప్రశ్నలకి జవాబులు ముందే రాసిపెట్టుకోవచ్చు. ఎవరు బాకీ, ఎవరిది ఆర్డరు అని గుర్తులు తగిలించుకోవచ్చు. టెలిగ్రామ్‌లో అయితే ఒకే యాప్‌లో మూడు నంబర్ల అకౌంట్లు పెట్టుకునే వీలు ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

కొట్లో కంప్యూటరు ఉంటే పని ఇంకా సులువు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. అంటే మీ అకౌంటుకి జతచేసిన ఇతర పరికరాలు. కంప్యూటరులో వాట్సాప్ వెబ్ తెరిస్తే గళ్ళగళ్ళ క్యూఆర్ బొమ్మ వస్తుంది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. ఫోను కాక ఇంకో నాలుగు పరికరాలని ఇలా జతచేసుకోవచ్చు. అయితే పద్నాలుగు రోజులకి మించి ఫోనులో వాట్సాప్ తెరవకపోతే జత తెగిపోతుంది. వాట్సాప్ ఒక ట్యాబులో, టెలిగ్రామ్ పక్క ట్యాబులో పెట్టుకోండి. రెండో వాట్సాప్ కావాలంటే క్రోమ్‌లో ఒకటి, ఫైర్‌ఫాక్స్‌లో ఒకటి తెరవండి. పైసా ఖర్చు లేదు, కొత్త ప్రోగ్రాము లేదు. ఈ ట్యాబులన్నిటినీ ఒకే చట్రంలో సర్ది చూపించే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఫెర్డియమ్, రాంబాక్స్ అలాంటివి. వాటిలోనూ కనిపించేది అసలు వాట్సాప్ వెబ్ పేజీయే. ఒకే వరసలో అన్నీ కలిపి కావాలంటే అప్పుడు బీపర్ లాంటిది చూసుకోవాలి.

దుర్గి శిల్పికి ఈ చివరిది పనికొస్తుందనుకుంటాను. ఎందుకంటే ఆయన మెసేజీలు తక్కువ, చోట్లు ఎక్కువ. ఏ కమిటీ ఎక్కడ రాసినా ఒకే వరసలో కనపడితే కొలత తప్పిపోదు. గురజాల తల్లికి మాత్రం ఇవేవీ వద్దు. వాట్సాప్ గుర్తూ బోటిమ్ గుర్తూ ఫోను మొదటి తెర మీద పక్కపక్కన పెట్టించండి. పండక్కి వచ్చిన మనవడికి చెబితే నిమిషంలో చేసిపెడతాడు. ఉన్న గుంపులో సగం గ్రూపుల నోరు మూయించడం, అంటే మ్యూట్ చెయ్యడం, చాలా ఇళ్ళకి ఏ ప్రోగ్రాము కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. శుభోదయం బొమ్మలు పంపేవాళ్ళు నన్ను క్షమించాలి.

ఇప్పుడు అసలు జాగ్రత్త చెప్పాలి. కాపరికి గేదెల్ని అప్పజెప్పేటప్పుడు ఊరివాళ్ళు ఆ మనిషి ఎవరో, ఎవరి కొడుకో చూసుకునే అప్పజెప్పేవాళ్ళు. మీ అకౌంట్లని ఒక ప్రోగ్రాముకి ఇచ్చేటప్పుడూ అదే చూడాలి. పలుపు ఎవరి చేతికి ఇస్తున్నాం? ఆ ప్రోగ్రాము మీ ఫోన్లోంచే నేరుగా వాట్సాప్‌తో, టెలిగ్రామ్‌తో కలుస్తుందా? లేక మీ మెసేజీలు ముందు ఆ కంపెనీ సర్వరుకి పోయి, అక్కణ్ణుంచి మీకు వస్తాయా? ఇది చిన్న తేడా కాదు. వాట్సాప్ 2016 నుంచి మెసేజీలకి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తాళం వేస్తోంది. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ మధ్యలో ఇంకో కంపెనీ సర్వరు వచ్చి కూర్చుంటే ఆ తాళం అక్కడ విప్పక తప్పదు. బీపర్ కూడా మొదట్లో అలాగే నడిచేది. 2025 జులైలో మీ పరికరంలోంచే నేరుగా కలిసే పద్ధతి తెచ్చారు. మారింది కాబట్టే బీపర్ పేరు ధైర్యంగా చెబుతున్నాను. మారని వాటి జోలికి పోకండి.

ఇంకొకటి ఉంది. జీబీ వాట్సాప్, ఎఫ్ఎమ్ వాట్సాప్ అని లింకుల్లో తిరుగుతుంటాయి. రెండు అకౌంట్లు పెట్టుకోవచ్చు, బ్లూ టిక్కు దాచుకోవచ్చు, డిలీట్ చేసినవి చూడొచ్చు అని ఆశపెడతాయి. అవి ప్లే స్టోర్‌లో దొరకవు. ఎవరో పంపిన ఫైలు నొక్కి వేసుకోవాలి. వాట్సాప్ వాళ్ళకి తెలిస్తే మీ నంబరునే నిలిపేస్తారు. 2021లో కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ ఎఫ్ఎమ్ వాట్సాప్‌లో ట్రయాడా అనే దొంగ ప్రోగ్రాము దాక్కుని ఉందని బయటపెట్టింది. ఫోనులో దూరి మరిన్ని దొంగ ప్రోగ్రాములు దించుకునే రకం అది. రెండు అకౌంట్లు అసలు వాట్సాప్‌లోనే వస్తున్నప్పుడు ఈ దొంగ కాపరి మనకెందుకు?

జతచేసే సదుపాయాన్నే అడ్డం పెట్టుకుని మోసాలూ జరుగుతున్నాయి. తెలిసినవాళ్ళ నంబరు నుంచి ఒక లింకు వస్తుంది. "ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా?" అని ఉంటుంది. నొక్కితే ఫోను నంబరు అడుగుతుంది. తర్వాత ఒక కోడు చూపించి, దాన్ని వాట్సాప్‌లో కొట్టమంటుంది. కొట్టారో, మోసగాడి కంప్యూటరు మీ అకౌంటుకి జతపడుతుంది. మీ ఫోను మామూలుగానే పనిచేస్తుంటుంది. మీకేమీ తెలియదు. అవతల మీ మెసేజీలన్నీ అతను చదువుతుంటాడు. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఈ మోసం గురించి హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి. మీ అంతట మీరు మీ కంప్యూటరు ముందు కూర్చుని జతచేస్తే తప్ప, ఎవరో పంపిన కోడు వాట్సాప్‌లో కొట్టొద్దు. అడిగినవాళ్ళు మేనమామైనా సరే, ముందు ఫోను చేసి గొంతు వినండి.

ప్రభుత్వం వైపు నుంచి ఒక మార్పు గురించీ చెప్పాలి. 2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖ చాటింగు యాప్‌లకి ఒక ఆదేశం ఇచ్చింది. అకౌంటు ఏ సిమ్ము మీద తెరిచారో ఆ సిమ్ము ఫోన్లో ఉంటేనే యాప్ నడవాలన్నది అందులో మొదటి మాట. కంప్యూటరులో తెరిచిన వాట్సాప్ లాంటివి ఆరు గంటలకి మించకుండా లాగౌట్ అయిపోవాలన్నది రెండోది. మోసాలు ఆపడం దాని ఉద్దేశం. ఈ ఆదేశం అమలైతే కొట్లో కంప్యూటరు మీద వ్యాపారం చూసుకునేవాళ్ళు పూటకోసారి క్యూఆర్ స్కాన్ చేసుకోవలసి వస్తుంది. కాస్త చిరాకే. అయినా సాయంత్రం కొట్టు మూశాక ఎవరో వచ్చి మీ మెసేజీలు చదివే అవకాశం తగ్గుతుంది. ఫోన్లో లేని పాత సిమ్ము మీద వాట్సాప్ నడుపుతున్నవాళ్ళు మాత్రం నంబరు మార్చుకునే ఏర్పాటు ఇప్పుడే చూసుకోవడం మంచిది.

మన రాష్ట్రంలో ఇంకో సంగతి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. మొదలైనప్పుడు 161 సేవలు. నంబరు 95523 00009. మళ్ళీ చెబుతున్నాను, 95523 00009. ఒక రకంగా ఇదీ మనం మాట్లాడుకునే కోవలోదే. ఇన్నాళ్ళూ ఒక కాగితానికి నరసరావుపేట కలెక్టరేటుకి, ఇంకో కాగితానికి గురజాల ఆర్డీవో ఆఫీసుకి తిరిగినవాళ్ళకి చాలా శాఖలు ఒకే నంబరులో పలుకుతున్నాయి. అయితే దరఖాస్తు నింపేటప్పుడు, డబ్బు కట్టేటప్పుడు దాన్ని అసలు వాట్సాప్‌లోనే తెరవండి. అన్నీ కలిపి చూపించే ప్రోగ్రాముల్లో ఆ ఫారాలు సరిగా కనపడకపోవచ్చు. మన మిత్ర పేరు పెట్టుకుని వేరే నంబరు నుంచి లింకు వస్తే మాత్రం ముట్టుకోవద్దు.

ఇంతసేపూ చెప్పిన దాంట్లో ఒక్క పని ఈ రాత్రికే చేయండి. ఫోను తీసి వాట్సాప్ తెరవండి. ఆండ్రాయిడ్ ఫోనైతే పైన కుడివైపు మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కి లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళండి. మీ అకౌంటుకి ఏ ఏ కంప్యూటర్లు, ఏ ఏ ఫోన్లు జతపడి ఉన్నాయో అక్కడ వరసగా కనపడతాయి. చివరిసారి ఎప్పుడు వాడారో కూడా ఉంటుంది. మీది కానిది ఒక్కటి కనపడినా దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. టెలిగ్రామ్‌లోనూ సెట్టింగుల్లో డివైసెస్ అని ఉంటుంది, అదీ చూడండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు కూడా ఒకసారి తీసి చూడండి. ఈపాటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోను చేయండి. అది సైబర్ మోసాల కోసం పెట్టిన జాతీయ నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.